చిన్న కోత, మూడు నొప్పులు

నడుం డిస్కుకు ఈ రోజుల్లో చేసే ఆపరేషన్‌ను చాలామంది ‘లేజర్ ఆపరేషన్’ అంటారు. మన స్టాఫ్‌లోనూ అదే మాట వింటుంటాను. నిజానికి ఎక్కువ సందర్భాల్లో అందులో లేజరే ఉండదు. నడుం మీద అంగుళానికి లోపు కోత పెట్టి, కండరాలను కోయకుండా పక్కకు జరిపి, సన్నటి గొట్టం దింపి, మైక్రోస్కోపుతోనో ఎండోస్కోపుతోనో చూస్తూ, నరాన్ని నొక్కుతున్న డిస్కు ముక్కను తీసేస్తారు. గంట, గంటన్నర పని. మర్నాడో ఆ మర్నాడో ఇంటికి పంపేస్తారు. దాంతో కోత చిన్నది కాబట్టి నొప్పీ చిన్నదే అన్న లెక్క ఒకటి ఇంట్లోవాళ్లకీ, ఆఫీసువాళ్లకీ, పేషెంటుకీ కూడా ఏర్పడిపోతుంది. ఇంటికొచ్చిన మూడో రోజుకి ఆ లెక్క తేడా కొడుతుంది.

గత నవంబరులో ఢిల్లీలో నాకు ఈ ఆపరేషన్ జరిగింది. అంతకుముందు పదిహేనేళ్లు లోన్ ఇన్‌స్పెక్షన్ల పేరుతో ప్రకాశం జిల్లా మట్టిరోడ్ల మీద మోటారు సైకిల్ తోలినవాణ్ణి. తర్వాత ఢిల్లీ ట్రాన్స్‌ఫర్, రోజంతా కుర్చీ. కిందనున్న రెండు వెన్నుపూసల మధ్య డిస్కు జారి, ఎడమ తుంటి నుంచి పిక్క మీదుగా బొటనవేలి దాకా నరం లాగేది. మూడు నెలలు మందులు, ఫిజియోథెరపీ అయ్యాక, బొటనవేలు పైకి ఎత్తలేకపోతున్నానని తేలాక డాక్టరు గారు ఆపరేషన్ అన్నారు. ఆపరేషన్ కథ ఇక్కడ చెప్పను. అది బాగానే జరిగింది. ఆ తర్వాతి ఎనిమిది వారాల నొప్పిని ఇంట్లో ఎలా చూసుకోవాలన్నదే ఈ వ్యాసం. ఎందుకంటే ఆస్పత్రిలో ఉండేది రెండు రోజులు, మిగతాదంతా ఇంటివాళ్ల చేతుల్లోనే.

మేముండేది ఓల్డ్ రాజిందర్ నగర్‌లో. విభజన తర్వాత అటువైపు నుంచి వచ్చిన కుటుంబాల కోసం వెలిసిన కాలనీ ఇది. ఇప్పుడు సివిల్స్ కోచింగ్ అంటే దేశమంతటికీ తెలిసిన పేరు. ఆ ఇరుకు గల్లీల్లో, తలమీద వేలాడే వైర్ల కింద, టీ కొట్టు దగ్గర నిలబడితే పది నిమిషాల్లో తెలుగు మాట చెవిన పడకుండా ఉండదు. సర్ గంగారామ్ ఆస్పత్రి ఈ పక్కనే. 1921లో లాహోర్‌లో మొదలై, విభజనయ్యాక 1954లో ఇక్కడ తెరుచుకున్న ఆస్పత్రి అది. మా ఇల్లు రెండో అంతస్తు, లిఫ్టు లేదు, ముప్ఫై ఆరు మెట్లు. పైనా కిందా చదువుకునే పిల్లలే.

‘దర్ద్’ అంటే ఏ దర్ద్?

ఆస్పత్రిలో ప్రతి షిఫ్టుకీ నర్సు వచ్చి, “సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత?” అని హిందీలో అడిగేది. నేను ‘ఛే’ అనో ‘సాత్’ అనో చెప్పేవాణ్ణి. రెండో రోజు రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు గారు అంకె విని ఊరుకోలేదు. “ఎక్కడ? ఎలా ఉంది?” అన్నారు. నా హిందీలో ‘దర్ద్’ ఒక్కటే ఉంది. పక్కనున్న మా ఆవిడ తెలుగులో గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. కోత దగ్గర సలుపు. నడుం రెండు పక్కలా పట్టేసినట్టు బిగువు. కాల్లో అప్పుడప్పుడు జివ్వుమని లాగడం, పాదం మీద తిమ్మిరి. మా ఆవిడ వాటిని వేళ్లతో చూపిస్తూ చెబితే, డాక్టరు గారు కాగితం మీద మూడు గీతలు గీసి, ఒక్కోదానికీ ఎదురుగా ఒక్కో మందు రాశారు.

నాకు అర్థమైనదంతా ఆ కాగితమే. ఈ ఆపరేషన్ తర్వాత వచ్చేది ఒక నొప్పి కాదు. సలుపు గాయానిది. కోత పైకి చిన్నదే అయినా లోపల ఎముక అంచు కొద్దిగా తొలిచి ఉంటారు, కణజాలం వాచి ఉంటుంది. ఇది మొదటి మూడు నాలుగు రోజులు ఎక్కువగా ఉండి, రెండు వారాల్లో చాలావరకు తగ్గిపోతుంది. పట్టేయడం కండరాలది. గాయాన్ని కాపాడుకోవడానికి అవి బిగుసుకుంటాయి, ఎక్కువసేపు ఒకే భంగిమలో ఉంటే ఇంకా బిగుస్తాయి. జివ్వుమని లాగడం, మంట, తిమ్మిరి, కరెంటు షాక్ కొట్టినట్టుండటం నరానివి. నెలల తరబడి నలిగిన నరం, మీద బరువు తీసేసిన మరుక్షణం మామూలైపోదు. నరం లోపలి పోగులు దెబ్బతిని ఉంటే అవి తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. నడుం నుంచి బొటనవేలికి ఎంత దూరమో చూసుకోండి. కాలు లాగడం ముందు తగ్గి, వేలి మొద్దుబారడం అందరికన్నా ఆఖర్న పోవడం ఇందుకే. కొందరిలో అది కొంత మిగిలిపోతుంది కూడా.

ఈ మూడింటికీ మందులు వేరు. గాయం సలుపుకు ఇచ్చే మాత్ర నరం మంట మీద పెద్దగా పనిచెయ్యదు. నరానికిచ్చేది కోత మీద పనిచెయ్యదు. నొప్పి అంటే నొప్పే అనుకుని అందుబాటులో ఉన్న మాత్ర మింగితే, కడుపు పాడవుతుంది, నొప్పి మాత్రం ఉండిపోతుంది. మన భాషలో సలుపు, పోటు, మంట, తీపు, లాగడం, జివ్వుమనడం, తిమ్మిరి అని ఇన్ని మాటలున్నాయి. డాక్టరుకు ఏ భాషలో చెప్పినా, ముందు ఇంట్లో తెలుగులో తేల్చుకుని వెళ్లడం మంచిది.

మాత్రల ఖాతా

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మాత్రల పుస్తకం తనకు అప్పగించాం. టైము, మాత్ర పేరు, ఎందుకు, వేసుకున్నారా లేదా. నాలుగు గడులు. మేనేజ్‌మెంటు చదివిన రోజుల్లో ఇలాంటి చార్టులు ఎన్నో గీశాను గానీ, ఇంత పనికొచ్చింది ఇదొక్కటే.

మొదటి అయిదు రోజులు పారాసెటమాల్ గడియారం చూసి వేసుకోమన్నారు, నొప్పి చూసి కాదు. ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, పడుకునే ముందు. “ఇప్పుడు బాగానే ఉంది కదా, ఎందుకు వృథాగా?” అన్నది మా అమ్మ అభ్యంతరం. బ్యాంకు కుటుంబాలకు ఇది చెప్పడం తేలిక. ఖాతా ఎన్‌పీఏ అయ్యాక వసూలుకు తిరగడం కంటే, ఎస్‌ఎమ్‌ఏ దశలోనే పట్టుకోవడం నయం కదా! నొప్పి కూడా అంతే. పూర్తిగా లేచాక దాన్ని దించడానికి పెద్ద మందు కావాలి. లేవకముందు చిన్న మందు చాలు. ఇంకో సంగతి. ఆపరేషన్ చివర్లో కోత చుట్టూ మత్తు ఇంజెక్షన్ చేస్తారు. దాని పని కొన్ని గంటలే. ఆ సాయంత్రం నేను వరండాలో హుషారుగా నడిచాను. అర్ధరాత్రికి అసలు నొప్పి పరిచయమైంది. మొదటి సాయంత్రం బాగుందని రాత్రి మాత్ర మానెయ్యకండి.

పారాసెటమాల్‌తో ఒక చిక్కుంది. అది ఒక్క పేరుతో రాదు. నాకు రాసిచ్చిన వాపు మాత్ర ఎసిక్లోఫెనాక్‌లో 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కలిసి ఉంది. మరీ నొప్పైతే వేసుకోమన్న ట్రామడాల్ మాత్రలోనూ అంతే కలిసి ఉంది. నాలుగు 650 మాత్రలు కలిపితే 2600. రెండు వాపు మాత్రలు 650. రెండు ట్రామడాల్ మాత్రలు మరో 650. మొత్తం 3900. పెద్దవాళ్లకు రోజుకు గరిష్ఠం 4000 మిల్లీగ్రాములు. లివర్ బలహీనంగా ఉన్నవాళ్లకు, మద్యం తాగేవాళ్లకు, బక్కపల్చటివాళ్లకు ఇంకా తక్కువ. దీనికి తోడు జలుబు చేసిందని ఇంకో గోళీ వేస్తే హద్దు దాటినట్టే. ఈ కూడిక చేసింది మా అమ్మాయే. ఒకే ఖాతాలో మూడు కౌంటర్ల నుంచి డబ్బు తీస్తున్నామని తేలాక, ట్రామడాల్ వేసుకునే పూట విడి పారాసెటమాల్ మానెయ్యమని డాక్టరు గారు ఫోన్లో చెప్పారు.

వాపు తగ్గించే మాత్రలు బాగా పనిచేస్తాయి గానీ, మన వయసు వాళ్లు జాగ్రత్తపడాల్సింది వాటితోనే. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉంటే ముందే చెప్పాలి. బీపీకి టెల్మిసార్టాన్ లాంటివి, దానితో పాటు నీరు పోయే మాత్ర వాడేవాళ్లకు ఈ వాపు మాత్ర కూడా తోడైతే కిడ్నీల మీద భారం పడుతుంది. నీళ్లు తక్కువ తాగితే మరీను. నాకు బీపీ ఉందని వాటిని మూడు రోజులకే పరిమితం చేశారు. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఆపరేషన్ సమయంలో స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. పెరిగిన షుగర్‌తో గాయం త్వరగా మానదు. రోజూ చూసుకోవాలి.

ట్రామడాల్‌ను 2018లో మన ప్రభుత్వం నార్కోటిక్స్ చట్టం కిందికి తెచ్చింది. చీటీ లేకుండా షాపువాడు ఇవ్వకపోతే కోప్పడకండి, అతను చేసేది సరైన పనే. దానితో వికారం, తల తిరగడం, మలబద్ధకం వస్తాయి. ఫిట్స్ ఉన్నవాళ్లు, డిప్రెషన్ మందులు వాడేవాళ్లు డాక్టరుకు తప్పక చెప్పాలి. మలబద్ధకం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ముక్కితే ఆ ఒత్తిడి నేరుగా నడుం మీదే పడుతుంది. మూడో రోజు నుంచి నాకు రాత్రిపూట ఇసబ్‌గోల్, ఉదయం గోరువెచ్చని నీళ్లు, పెరుగన్నంతో పాటు ఆకుకూర తప్పనిసరి చేశారు.

నరానికి ఇచ్చిన ప్రీగాబలిన్ రాత్రి ఒక్కటే. మొదటి వారం పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉండేది. అది వాడుతూ బండి నడపకూడదు. తగ్గింది కదా అని ఒక్కసారిగా ఆపకూడదు, డోసు తగ్గించుకుంటూ రావాలి. నేను మొదట ఆపింది వాపు మాత్ర, తర్వాత ట్రామడాల్, ఆ తర్వాత పారాసెటమాల్. ఆఖర్న ఇది. మీ డాక్టరు వరుస వేరుగా ఉండొచ్చు, ఆయన చెప్పిందే వినండి. కానీ ఏది ముందు ఆపాలో డిశ్చార్జ్ రోజే అడిగి రాయించుకోండి.

తొమ్మిదో రోజు

ఎనిమిది రోజులు ఫర్వాలేదనిపించాక, తొమ్మిదో రోజు రాత్రి ఎడమ కాలు మళ్లీ జివ్వుమంది. నవంబరు ఢిల్లీ గాలి సంగతి మీకు తెలిసిందే. రెండు రోజులుగా దగ్గు. దగ్గిన ప్రతిసారీ తుంటి నుంచి పిక్క దాకా తీగ లాగినట్టుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. “ఆపరేషన్ ఫెయిలైందా?” అన్న మాట ఎవరూ పైకి అనలేదు, అందరి మనసులోనూ అదే. ఆఫీసులో ఎంత సెలవు మిగిలిందో నేను మనసులో లెక్కేసుకుంటున్నాను. ముందు ముందు కూర్చుని ఉద్యోగం చెయ్యగలనా అన్నది ఆ లెక్క వెనకాలున్న ప్రశ్న.

పొద్దున్నే డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆయన మూడు అడిగారు. నొప్పి ఆపరేషన్‌కు ముందున్నంత ఉందా? ఎడతెగకుండా ఉందా, వచ్చి పోతోందా? మడమల మీద, ముని వేళ్ల మీద నిలబడగలుగుతున్నారా? నొప్పి ముందున్న దానిలో సగం కూడా లేదు, దగ్గినప్పుడే వస్తోంది, గోడ పట్టుకుని రెండు రకాలుగానూ నిలబడ్డాను. అయితే మూడు రోజులు చూద్దామన్నారు. ఒకటి రెండు వారాల మధ్య ఇలా తిరిగి రావడం మామూలేనట. ఆపరేషన్లో ఇచ్చిన మందుల ప్రభావం పూర్తిగా పోతుంది, పేషెంటు తిరగడం ఎక్కువవుతుంది, వాచిన నరం చిరాకు పడుతుంది. దగ్గు మందు రాశారు. దగ్గొచ్చినప్పుడు పొట్టకు దిండు అదిమి పట్టుకుని, నడుం వంచకుండా దగ్గమన్నారు. అయిదో రోజుకు తగ్గింది.

అయితే ప్రతిసారీ ఇది మామూలే అనుకోకూడదు. అదే చోట డిస్కు మళ్లీ జారడం నూటికి అయిదు నుంచి పదిహేను మంది దాకా జరుగుతుందని వైద్యుల అంచనాలు. కాలి నొప్పి పాత స్థాయికి వచ్చి దిగకపోతే, మళ్లీ ఎమ్మారై అవసరం కావచ్చు.

ఫోనుతో సరిపెట్టుకోకుండా వెంటనే బయల్దేరాల్సినవి కొన్ని ఉన్నాయి. మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. కూర్చునే చోట, తొడల లోపలి వైపు స్పర్శ పోవడం. పాదం కొత్తగా బలహీనపడి నడుస్తుంటే చెప్పు జారిపోవడం. వీటిలో ఏది వచ్చినా తెల్లారే దాకా ఆగకూడదు, అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్లాలి. పిక్క ఒకటే వాచి నొప్పెడితే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి, దానితో పాటు ఆయాసమో ఛాతీ నొప్పో ఉంటే క్షణం కూడా ఆలస్యం వద్దు. జ్వరం, కోత ఎర్రబడి చీము కారడం ఇన్‌ఫెక్షన్ లక్షణాలు. కోత నుంచి నీళ్లలాంటి తేట ద్రవం వస్తూ, లేచి కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే తగ్గడం ఉంటే వెన్ను చుట్టూ ఉండే పొర నుంచి ద్రవం కారుతోందని అనుమానించాలి. ఇంకొకటి ఎవరూ చెప్పరు. నొప్పి బాగా తగ్గిపోయాక, రెండు మూడు వారాలకు నడుంలో కదిలితే భరించలేనంత కొత్త నొప్పి మొదలైతే, జ్వరం లేకపోయినా సరే, డిస్కులో ఇన్‌ఫెక్షన్ ఉందేమో పరీక్షించాలి.

పడుకోబెట్టే ప్రేమ

మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది నన్ను మంచం దిగనివ్వకూడదనే. “నాన్నా, వెన్నెముక రా, కదలొద్దు” అనేది. పరామర్శకు ఫోన్ చేసినవాళ్లలో ఒకరు నూనె మర్దన చేయించమన్నారు, ఒకరు పుత్తూరు కట్టు కట్టించమన్నారు. పుత్తూరు పేరు విరిగిన ఎముకలకు. ఆపరేషనైన డిస్కు మీద కట్టుకీ మర్దనకీ పని లేదు. మానని గాయం మీద నూనె అసలే వద్దు.

పడుకునే ఉంటే కండరాల బిగువు పెరుగుతుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. 1990ల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో యూజీన్ కారగీ అనే సర్జన్ ఈ ఆపరేషనైన పేషెంట్లకు ఆంక్షలే పెట్టకుండా, ఓర్చుకోగలిగినంత త్వరగా పనుల్లోకి వెళ్లమని చూశారు. వాళ్లకేమీ నష్టం జరగలేదు. మన దగ్గర చాలామంది సర్జన్లు ఆరు వారాలు వంగవద్దు, బరువులెత్తవద్దు, నడుం తిప్పవద్దు అంటారు. నేనూ అదే పాటించాను. నడక మీద మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. రోజుకు అయిదారు సార్లు, అయిదేసి నిమిషాలు. వారానికి కొంచెం పెంచుకుంటూ పోవాలి. బయట పొగమంచులో నడవలేక హాలు నుంచి వంటగదికి, వంటగది నుంచి బాల్కనీకి తిరిగాను. మూడో వారం మధ్యాహ్నపు ఎండ చూసుకుని మెట్లు దిగాను. అమ్మ నడక ఆపలేకపోయేసరికి, కొన్నాళ్లకు తనే పక్కన నడవడం మొదలుపెట్టింది.

లేచే పద్ధతి మొదటి రోజే ఫిజియో నేర్పారు. వెల్లకిలా ఉండి నేరుగా లేవకూడదు. భుజాలు, తుంటి కలిపి దుంగ దొర్లినట్టు పక్కకు తిరిగి, కాళ్లు మంచం కిందికి దించుతూ చేత్తో పైకి నెట్టుకోవాలి. ఈ ఒక్క పద్ధతి వల్ల తప్పిన నొప్పి ఏ మాత్ర వల్లా తప్పలేదు. మరుగుదొడ్డి వెస్టర్న్ ఉండాలి. చెంబు, సబ్బు, చెప్పులు నడుము ఎత్తులో పెట్టుకోవాలి. మోకాళ్ల కింద దిండు పెట్టుకుంటే పడుకున్నప్పుడు బిగువు తగ్గుతుంది. మొదటి రోజుల్లో గుడ్డలో చుట్టిన ఐస్ పది పదిహేను నిమిషాలు. ఢిల్లీ చలికి కండరాలు పట్టేస్తాయి కాబట్టి కోత మానాక వేడినీళ్ల బ్యాగు, అదీ మొద్దుబారిన చోట పెట్టకుండా. అక్కడ కాలినా తెలియదు.

కూర్చోవడమే కష్టం. స్వీడన్‌లో ఆల్ఫ్ నాకెమ్సన్ 1960ల్లో డిస్కులోకి సూది పంపి ఒత్తిడి కొలిచారు. నిలబడినప్పటికంటే ముందుకు వంగి కూర్చున్నప్పుడు ఎక్కువ. అంటే మన కౌంటర్లో, కంప్యూటర్ ముందు కూర్చునే భంగిమే. మొదటి రెండు వారాలు ఒక్కసారికి ఇరవై నిమిషాలకు మించి కూర్చోలేదు. భోజనం, మందులు, ఫోన్లు అన్నీ ఆ ఇరవై నిమిషాల్లోనే.

మా పైఅంతస్తులో ఉండే గుంటూరు కుర్రాడు సివిల్స్‌కి చదువుతున్నాడు. లైబ్రరీలో పన్నెండు గంటలు కూర్చుంటాడు. నా సంగతి విని తన ఎమ్మారై పట్టుకొచ్చి, “అంకుల్, నేనూ చేయించుకోవాలా?” అన్నాడు. చెప్పాల్సింది డాక్టరే అన్నాను. అయితే తెలిసింది చెప్పాను. నెదర్లాండ్స్‌లో 283 మంది మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. వెంటనే ఆపరేషన్ చేసినవాళ్లు సగటున నాలుగు వారాల్లో కోలుకున్నారు, ఆగి చూసినవాళ్లు పన్నెండు వారాల్లో. ఆగినవాళ్లలో నూటికి 39 మందికి చివరికి ఆపరేషన్ అవసరమైంది. ఏడాది తిరిగేసరికి రెండు వైపులా నూటికి 95 మంది బాగానే ఉన్నారు. బలహీనత లేనప్పుడు కొన్ని వారాలు ఆగే వీలుంటుందన్నమాట. డాక్టరు అతనికి ఫిజియోథెరపీ రాశారు. ఇప్పుడు గంటకోసారి లేచి మెట్లెక్కి దిగుతున్నాడు, ఆ చప్పుడు మా ఇంట్లోకి వినిపిస్తుంది.

నేను ఆరు వారాలకు బ్రాంచిలో చేరాను. మొదటి వారం సగం పూట పనికి మేనేజరు గారు ఒప్పుకున్నారు. ఫోన్లో అరగంటకోసారి అలారం. అది మోగితే కస్టమరు ఎదురుగా ఉన్నా లేచి నిలబడే మాట్లాడతాను. మొదట వింతగా చూసేవారు, కారణం చెబితే సగం మంది తమ నడుం కథ మొదలుపెడతారు. సంక్రాంతికి తెనాలి వెళ్దామంటే, రోజుకు పైగా రైలు ప్రయాణం, లోయర్ బెర్తు దొరికితేనే వెళ్లమన్నారు డాక్టరు గారు. దొరికింది. కూర్చోకుండా పడుకునీ, కారిడార్లో నడిచీ వెళ్లొచ్చాం. సామాను నేను ముట్టలేదు.

కాలు లాగడం ఇప్పుడు లేదు. చలి పొద్దుల్లో నడుం పట్టేస్తుంది, పది నిమిషాలు నడిస్తే వదులుతుంది. బొటనవేలు పైకి లేస్తోంది, దాని మీద తిమ్మిరి మాత్రం ఇంకా ఉంది. మూడు నెలల చెకప్‌లో దాని సంగతి అడగాలని మా అమ్మాయి పుస్తకంలో రాసి పెట్టింది.